మూడో వరస, కిటికీ పక్క

దరఖాస్తులో ఏడో ప్రశ్న దగ్గర నాగజ్యోతి పెన్ను ఆగింది.

"ఈ ధ్యాన శిబిరానికి ఎందుకు రావాలనుకుంటున్నారు, అని అడుగుతున్నారు పిన్నీ. ఏం రాయమంటావు?"

"మా ఆయన్ని ఇంటికి లాక్కురావడానికని రాయి," అంది పుష్పావతి.

"అలా రాస్తే గేటు కూడా తియ్యరు."

"మరైతే నీకు తోచింది రాసి చావు. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు చాలు."

నాగజ్యోతి నవ్వాపుకుంటూ 'మనశ్శాంతి కోసం' అని రాసింది. పెడనలో వాళ్లిద్దరూ ఒకే షెడ్డులో పక్కపక్క బల్లల మీద కలంకారీ అద్దకం చేస్తారు. పుష్పావతి మొగుడు శోభనాద్రి ఆ అద్దకానికి టేకు చెక్క అచ్చులు చెక్కే మనిషి. ఏడాదిన్నర క్రితం దివిసీమలో కోడూరు అవతల ఉన్న ధ్యాన కేంద్రానికి పది రోజులని వెళ్లాడు. తిరిగొచ్చి నెల ఉన్నాడు. మళ్లీ పది రోజులన్నాడు. ఆ పది రోజులు ఇప్పటికీ అవలేదు. అక్కడే సేవ చేస్తూ ఉండిపోయాడు. ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు. తిన్నావా, ఒంట్లో బాగుందా, ఉంటాను. ఇంటికి ఎప్పుడొస్తావు బావా అంటే, చూద్దాం అంటాడు.

ఆ చూద్దాం అనే మాట వింటే పుష్పావతికి ఒళ్లు మండిపోయేది. ఊళ్లో వాళ్లు 'మీ ఆయన బుద్ధుడైపోయాడంటగా' అని నవ్వితే నవ్వనీ, దానికేం కాదు. ఆమెకి మొగుడు కావాలి. అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చారు బాలేదని చెప్పే మనిషి కావాలి. చెక్కపొట్టు దులుపుకోకుండా మంచమెక్కితే తిట్టడానికి మనిషి కావాలి. తిట్టి తిట్టి అలసిపోయాక కాళ్ల మీద దుప్పటి కప్పే మనిషి కావాలి. ఫోనులో పిలిస్తే రానివాణ్ణి మెడ పట్టుకు తీసుకురావాలంటే అక్కడికే వెళ్లాలి, అక్కడికి వెళ్లాలంటే పది రోజులు నోరు మూసుకుని కూర్చోవాలి. సరే, కూర్చుందాం. ముప్పై ఏళ్లుగా పగలంతా నిలబడే ఉన్నాను కదా, అనుకుంది.

బందరులో బస్సెక్కి, అవనిగడ్డలో దిగి, కోడూరు బస్సు పట్టుకుని, అక్కణ్ణించి ఆటోలో కేంద్రం చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. ఒక పక్క వరి చేలు, ఒక పక్క రొయ్యల చెరువులు. చెరువుల్లో నీళ్లు చిమ్మే మోటార్ల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. శాంతి కోసం భలే చోటు చూశారు అనుకుంది.

ఆడవాళ్ల వైపు బాధ్యతంతా రాజకుమారి గారిది. నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ వార్డులో తిరుగుతున్నట్టే తిరుగుతుంది.

"ఫోను ఇవ్వండి. రేపట్నించి పదో రోజు దాకా మాటల్లేవు. సైగల్లేవు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకూడదు. మగవాళ్ల వైపు అసలు వెళ్లకూడదు. అర్థమైందా?"

"మగవాళ్ల వైపు పనిచేసేవాళ్లు ఉంటారు కదండీ, వాళ్లు ఈ పక్కకి రారా?"

"మీకెందుకమ్మా ఆ సంగతి?" రాజకుమారి గారు కళ్లజోడు పైనుంచి చూసి, కాగితం తిప్పింది. "మనశ్శాంతి. ఊఁ. అందరూ ఇదే రాస్తారు."

హాల్లో నీలం దిండ్లు వరసలుగా పరిచి ఉన్నాయి. ఎడమ వైపు మగవాళ్లు, కుడి వైపు ఆడవాళ్లు, ఎదురుగా చిన్న గద్దె మీద గురువుగారు. పేరు అరుణకుమారి. గుడివాడలో లెక్కల టీచరుగా చేశారట. సన్నగా, తెల్ల నేత చీరలో, ఇప్పుడే ఎవరినో ఎక్కం అప్పచెప్పమనేలా ఉన్నారు. పుష్పావతి దిండు మూడో వరసలో చివర, కిటికీ పక్కన పడింది.

"కళ్లు మూసుకోండి. ముక్కు కింద ఊపిరి వచ్చే చోట మనసు పెట్టండి. దాన్ని మార్చకండి, ఆపకండి. ఎలా ఉంటే అలా చూడండి," అన్నారు గురువుగారు.

పుష్పావతి కళ్లు మూసుకుంది. ఊపిరి వచ్చింది, వెళ్లింది, వచ్చింది. నాలుగు నిమిషాలు అయ్యాయో లేదో, హాలు నిశ్శబ్దంలో 'ధబ్' మని చప్పుడు. కాసేపటికి మళ్లీ 'ధబ్'. రాజకుమారి గారు వచ్చి భుజం తట్టేదాకా ఆ చప్పుడు తనదేనని ఆమెకి తెలియలేదు. కళ్లు మూసుకుంటే చాలు, చెయ్యి తన పని తను చేసుకుపోతోంది. అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద అంచుకి అంచు కలిపి పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ. ఊపిరి వదిలినప్పుడల్లా పిడికిలి తొడ మీద పడుతోంది. అక్కడున్న యాభై మందిలో ఎవరికీ రాని జబ్బు ఇది. పక్క దిండు మీద కూర్చున్న జానకి, మొవ్వ ఊరి ఆవిడ, కిసుక్కున నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాజకుమారి గారు ఒక తువ్వాలు మడిచి పుష్పావతి తొడ మీద పెట్టి వెళ్లిపోయింది.

సిగ్గుతో చచ్చిపోయి తల తిప్పుకుంటే, కిటికీలోంచి శోభనాద్రి కనిపించాడు.

వరండా చివర జేగంట వేలాడుతోంది. దాని ముందు వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు. తెల్ల లాల్చీ, పొట్టిగా కత్తిరించిన జుట్టు. చిక్కిపోయాడు. ఆ మెడ వెనక పుట్టుమచ్చ లేకపోతే ఆమే పోల్చుకోలేకపోయేది. గంట కొట్టాడు, సుత్తి కొక్కేనికి తగిలించాడు, ఇటు తిరక్కుండా వెళ్లిపోయాడు. పుష్పావతికి ఏడుపొచ్చింది. బావా అని అరిస్తే వినపడేంత దూరం. అరిస్తే ఇప్పుడే గేటు బయట పెడతారు. పెదవి కొరుక్కుని తువ్వాలు మీద పిడికిలి నొక్కి పట్టుకుంది.

అప్పట్నించీ పుష్పావతిని మించిన సాధకురాలు ఆ శిబిరంలో లేదు. పొద్దున్న నాలుగు కాకముందే అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. రోజుకి ఎనిమిదిసార్లు గంట కొడతారు, ఎనిమిదిసార్లూ ఆ దిండు మీద ఉండాల్సిందే. జానకి మోకాళ్లు పట్టేసి అమ్మో అబ్బో అని మూలుగుతుంటే, ఇంకొకామె గోడకి జారబడుతుంటే, పుష్పావతి మాత్రం పాతిన రాయిలా కదిలేది కాదు. కనురెప్పలు సగమే వాలి ఉండేవి. ఆ సందులోంచి కిటికీ, కిటికీలోంచి వరండా, వరండాలో ఒక వీపు. అది కనపడేది అర నిమిషం. మిగతా గంటంతా ఆ అర నిమిషం కోసం ఎదురుచూడ్డమే. కాలు తిమ్మిరెక్కిందో లేదో కూడా ఆమెకి తెలిసేది కాదు.

ఎప్పుడూ వీపే. ఒక్కసారి ఇటు తిరుగు బావా, ఒక్కసారి, అని మనసులో బతిమాలేది. మనసులోనే తిట్టేది. ఐదో రోజుకి అతని లాల్చీ భుజం మీద కుట్టు ఊడిందని కనిపెట్టింది. సూదీ దారం ఉంటే ఎంత బాగుండు అనిపించి ఆ పూట అన్నం సయించలేదు.

ఆరో రోజు పొద్దున్న రాజకుమారి గారు ఆమె దిండు ఎత్తుకెళ్లి మొదటి వరస మధ్యలో, గురువుగారి గద్దెకి ఎదురుగా వేసింది. "మీలా కూర్చునేవాళ్లు ముందుండాలి. వెనక వాళ్లకి బుద్ధొస్తుంది," అంది చెవిలో, మెచ్చుకోలుగా.

ముందు గోడ. సున్నం వేసిన తెల్ల గోడ, దాని మీద ఒక బల్లి. అంతే.

పుష్పావతి ఆ పూట ఎలా కూర్చుందో ఆమెకే తెలియాలి. మధ్యాహ్నం గురువుగారితో విడిగా మాట్లాడుకునే సమయం ఉంటుంది, ఒక్కొక్కళ్లకి ఐదు నిమిషాలు. లోపలికి వెళ్లి నేల మీద కూర్చోగానే అడిగేసింది.

"నన్ను నా చోటుకి పంపించండమ్మా. కిటికీ పక్కకి."

"అక్కడ గాలి బాగుంటుందా?"

అబద్ధం ఆడదామనే నోరు తెరిచింది. ఆరు రోజుల తర్వాత వచ్చిన మొదటి మాటలు కదా, అదుపులో లేవు. "గాలీ లేదు, గీలీ లేదు. గంట కొట్టే మనిషి మా ఆయన. ఆయన్ని చూడ్డానికే వచ్చాను. తీసుకెళ్లడానికి వచ్చాను. మనశ్శాంతి అని రాయించింది ఉత్తుత్తిదే. నేనిక్కడ ఒక్క ఊపిరి కూడా సరిగ్గా చూళ్లేదు. ఇప్పుడు పంపించేస్తారా?"

"తెలుసు. శోభనాద్రి గారు మూడో రోజే చెప్పారు. మిమ్మల్ని కిటికీ దగ్గర్నించి జరపమన్నది కూడా ఆయనే. నేను రెండు రోజులు ఆలోచించి సరేనన్నాను," అన్నారు అరుణకుమారి గారు.

పుష్పావతికి మొహం మీద చరిచినట్టయింది. "ఆయనా?"

"మీకు దాచడం నాకిష్టం లేదు. అందుకే చెప్తున్నాను. ఎందుకని మాత్రం నన్నడక్కండి, అది ఆయన చెప్పుకోవాలి."

"నేను చూడ్డం కూడా ఆయన తపస్సుకి అడ్డమా? వీపేనండీ నేను చూసింది. వీపు!"

ఏడుపు ఆగలేదు. గురువుగారు మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపారు. ఊరుకోమనలేదు.

"రేపు పొద్దున్న బస్సుకి వెళ్లిపోతానండీ. వచ్చిన పని తప్పుడు పని. ఇక్కడ కూర్చునే అర్హత నాకు లేదు."

"తప్పో ఒప్పో నాకు తెలీదు. నేను పన్నెండేళ్ల కిందట నిద్ర పట్టక వచ్చాను. నిద్ర మాత్రలకి బదులు ఇదేదో పనిచేస్తుందేమోనని. మోక్షం గీక్షం నాకు తట్టనేలేదు. పరీక్ష పాసవ్వాలని వచ్చేవాళ్లున్నారు, తాగుడు మానాలని వచ్చేవాళ్లున్నారు. మొగుడు కావాలని వచ్చారు మీరు. వెళ్లాలంటే వెళ్లండి, గేటుకి తాళం వెయ్యం."

"మరి మీకు నిద్ర పడుతోందా ఇప్పుడు?"

"లేదమ్మా," అని అరుణకుమారి గారు మొదటిసారి నవ్వారు. "పట్టలేదని ఏడవడం మాత్రం మానేశాను."

గదికొచ్చి సంచి సర్దేసుకుంది. రెండు చీరలు, తువ్వాలు, దువ్వెన. సర్దుతున్నంతసేపూ శోభనాద్రిని తిడుతూనే ఉంది. నువ్వూ నీ గంటా. కూర్చో అక్కడే. నేను మళ్లీ వస్తే అడుగు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటి గంట మోగినప్పుడు పుష్పావతి మంచం మీదే ఉంది. ఆ వేళకి ఎప్పుడూ లేచి పరిగెత్తేది. ఇవాళ తొందర లేదు. కళ్లు మూసుకునే విన్నది.

ఖంగున ఒక దెబ్బ. దాని వెనకే, అది ఇంకా మోగుతుండగానే, చిన్నగా ఇంకో రెండు తాకిళ్లు. టిక్, టిక్. మళ్లీ దెబ్బ. మళ్లీ వెనకే టిక్, టిక్, టిక్.

లేచి కూర్చుంది.

బల్ల మీద అచ్చు దెబ్బ చెవితోనే తెలుస్తుంది అద్దకం వాళ్లకి. పక్క బల్ల మీద నాగజ్యోతి దెబ్బ ఒక వెంట్రుకవాసి పక్కకి పడినా చూడకుండానే, 'అది పాడయింది, గుడ్డ తియ్యి' అనేది పుష్పావతి. దెబ్బ వేశాక చెయ్యి నిలవకపోతే అచ్చు రెండోసారి గుడ్డకి తగులుతుంది. గీత పక్కన ఇంకో గీత, నీడలాగా. ఈ గంట దెబ్బ అలాంటిది. గంటలో తప్పు లేదు. చెయ్యి నిలవట్లేదు.

ఐదు రోజులు కళ్లప్పగించి చూసింది, ఒక్కసారి కూడా వినలేదు. వీపు చూస్తూ చెవులు పారేసుకుంది. శోభనాద్రి చెయ్యి! మామిడాకు మీద సన్నటి ఈనె కూడా చెక్కగలిగిన చెయ్యి. వెళ్లిపోయే ముందు నెలలో ఒక ఆకు అచ్చు, ఈనె పక్కకి పోయిందని పొయ్యిలో పారేశాడు. చెక్క మంచిది కాదన్నాడు. ఆ వారంలోనే ఇంకోటి. దానిక్కూడా చెక్కే మంచిది కాదన్నాడు. తను నమ్మింది. పైగా టేకు అమ్మినవాణ్ణి తిట్టింది.

పుష్పావతి సంచి మంచం కిందకి తోసి, మొహం కడుక్కుని హాలుకి వెళ్లింది. మొదటి వరసలో తెల్ల గోడకి ఎదురుగా కూర్చుంది.

మిగిలిన నాలుగు రోజులూ నిజంగా నరకం. కిటికీ ఉన్నన్నాళ్లూ కనపడని నొప్పులన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. నడుము, మోకాళ్లు, ఎడం పాదంలో మంట. జానకి కంటే ఎక్కువ మూలిగింది. ఊపిరి మీద మనసు పెడితే రెండు లెక్కపెట్టేలోగా పారిపోయేది, మళ్లీ లాక్కొచ్చేది. ఇంటికి తీసుకెళ్లాలి, తీసుకెళ్లాలి అని కొట్టుకున్న గుండె ఇప్పుడు ఏమైంది బావా, ఎన్నాళ్లయింది, ఎందుకు చెప్పలేదు అని కొట్టుకుంటోంది. గంట మోగినప్పుడు మాత్రం ఊపిరి కూడా మర్చిపోయి వినేది. ఒక్కో పూట రెండు తాకిళ్లు. ఒక్కో పూట ఐదు. ఎనిమిదో రోజు సాయంత్రం ఒక్కటీ లేదు, శుభ్రమైన దెబ్బ. ఆమె సంతోషం పట్టలేకపోయింది. తొమ్మిదో రోజు పొద్దున్న మళ్లీ మొదలు. సంతోషం ఎలా వచ్చిందో అలాగే పోయింది, రెండింటినీ చూసింది. ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ పది రోజుల్లో ఆమె నిజంగా చూసింది అదొక్కటే.

పదో రోజు మౌనం విడిచారు. ఆడవాళ్ల వైపు ఒకటే గోల. జానకి ఆమె చెయ్యి పట్టుకుని, "వదినగారూ, ఆ తొడ మీద దెబ్బలేంటండీ బాబూ, నవ్వలేక చచ్చాను," అని మళ్లీ నవ్వింది. శోభనాద్రి మాత్రం వంటశాల వదిలి రాలేదు. పుష్పావతి కూడా పిలవలేదు.

పదకొండో రోజు పొద్దున్న అందరూ వెళ్లిపోయే వేళకి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "సంచి ఇలా ఇవ్వు. రోడ్డు దాకా వస్తాను," అన్నాడు. ఏడాదిన్నర తర్వాత ఎదురుపడి అన్న మొదటి మాట అది. పుష్పావతి సంచి ఇచ్చింది. ఎడం చేత్తో పుచ్చుకున్నాడు. కుడి చెయ్యి లాల్చీ జేబులో ఉంది.

చెరువు గట్టు మీదుగా నడిచి రోడ్డెక్కారు. బస్సు ఆగే చోట సిమెంటు బల్ల ఉంది. ఇద్దరూ కూర్చున్నారు.

"చెయ్యి తియ్యి," అంది.

"ఏ చెయ్యి?"

"నాటకాలాడకు బావా."

అతను నెమ్మదిగా జేబులోంచి చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. బొటనవేలు చూపుడువేలుకి రాసుకుంటూ వణుకుతోంది. ఆగి, మళ్లీ వణుకుతోంది.

"నీకెవరు చెప్పారు?"

"నీ గంటే చెప్పింది. కిటికీ దగ్గర్నించి నన్నెందుకు జరిపించావు?"

"మొదటి రోజు నీ పిడికిలి చప్పుడు వినగానే తెలిసింది నువ్వొచ్చావని. అలా కొట్టేది ఇంకెవరు?" అతను చెరువు వైపు తిరిగాడు. "నువ్వు చూస్తున్నావని తెలిస్తే ఇంకా ఎక్కువ వణికేది. నీకు కనపడకూడదని వీపు తిప్పి నిలబడేవాణ్ణి. అయినా కొట్టలేకపోయాను. చెక్కలేనివాణ్ణయ్యానని నీకెలా చెప్పను పుష్పా? బందరు డాక్టరు తగ్గుతుందేమో గానీ పోదన్నాడు. ఇక్కడ కూర్చుంటే మనసు కుదుటపడుతుంది, మనసుతోపాటు చెయ్యీ కుదుటపడుతుందని ఎవరో అన్నారు. ఆగగానే ఇంటికొచ్చేద్దామనుకున్నాను. ఇవాళ ఆగుతుంది, రేపు ఆగుతుంది అని..."

"ఏడాదిన్నర!" అంది పుష్పావతి. "చెయ్యి వణుకుతోందంటే నేనేమన్నా విడాకులిస్తానా? ఆదివారం ఆదివారం చూద్దాం చూద్దాం అని నా ప్రాణం తీశావు. ఇంట్లో ఒక్కదాన్నీ గోడలతో మాట్లాడాను, తెలుసా?" కోపంతో మొదలుపెట్టింది గానీ చివరికి ఏడ్చేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

తర్వాత అతని చెయ్యి తీసి తన రెండు చేతుల్లో పెట్టుకుంది. కడిగినా పోని నల్ల రంగు గోళ్లలో ఉన్న చేతులు. ముందు గట్టిగా నొక్కి పట్టుకుంది. వణుకు ఎక్కువైంది. పట్టు వదులు చేసి, అరచేతిలో ఊరికే ఉండనిచ్చింది. బొటనవేలు కదిలింది. ఆగింది. మణికట్టు దగ్గర చిన్న కుదుపు వచ్చింది. మళ్లీ వేలు. ఎక్కడ మొదలవుతోందో, ఎక్కడిదాకా వెళ్తోందో చూస్తూ కూర్చుంది.

బస్సొచ్చి ఆగింది. "అవనిగడ్డ, అవనిగడ్డ! ఎక్కండమ్మా," అన్నాడు కండక్టరు. పుష్పావతి పైకి చూడకుండానే రానన్నట్టు తల అడ్డంగా ఊపింది. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

"ఏమీ అడగవేంటి?" అన్నాడు శోభనాద్రి.

"ఏం అడగాలి?"

"ఇంటికెప్పుడొస్తావని."

"ఉండు. చూస్తున్నాను."

అతనూ తలవంచి చూశాడు. తన చెయ్యే అయినా ఎన్నాళ్లుగానో అటు చూడ్డం మానేసిన మనిషి. "ఇది ఆగదు పుష్పా," అన్నాడు.

"ఆగమని ఎవరన్నారు?"

అతను కళ్లు తుడుచుకోవడానికి ఎడం భుజం పైకెత్తి లాల్చీకి మొహం రాసుకున్నాడు. చెరువులో మోటార్లు నీళ్లు చిమ్ముతూనే ఉన్నాయి. ఎండ ఎక్కుతోంది.

"తర్వాతి బస్సు ఎన్నింటికి?"

"ఇంకో గంటకనుకుంటా."

"అయితే వెళ్లి నా సంచి తెచ్చుకుంటాను. గురువుగారికి కూడా చెప్పి రావాలి."

"వెళ్లు, తెచ్చుకో," అంది పుష్పావతి. చెయ్యి మాత్రం వదల్లేదు.